రాక్ బ్యాండ్లు కంట్రీ పాట పాడితే: ప్రేమా, వెటకారమా?

పాతకేసెట్టు
రాక్ బ్యాండు ఏదైనా కంట్రీ పాటను, అంటే అమెరికా పల్లె పాటను, ఎత్తుకున్నప్పుడల్లా నన్ను ఒకే అనుమానం పీడిస్తుంది. వీళ్లు ఆ పాటను పాడుతున్నారా, ఆ పాటను నమ్ముకుని బతికే మనుషులను వెక్కిరిస్తున్నారా? ముక్కుతో పాడటం, లేని యాస తెచ్చిపెట్టుకోవడం, మధ్యలో ‘యీహా’ అని ఒక కేక. విన్నవాళ్లు నవ్వుతారు, చప్పట్లు కొడతారు. పాట రాసినవాడి బాధ ఏమైందో ఎవరికీ పట్టదు.

బర్డ్స్ అనే రాక్ బ్యాండు 1968లో తెచ్చిన ‘స్వీట్‌హార్ట్ ఆఫ్ ద రోడియో’నే తీసుకోండి. అందులో ‘ద క్రిస్టియన్ లైఫ్’ ఉంది. కంట్రీ గాయకులు లూవిన్ బ్రదర్స్ 1959లో ‘సేటన్ ఈజ్ రియల్’ ఆల్బమ్‌లో పాడిన భక్తి పాట. స్నేహితులు దూరమైనా సరే, దేవుడి దారే నాకు చాలు అనే మనిషి మాట. బర్డ్స్ గాయకుడు రోజర్ మెగ్విన్ అదే పాటను దక్షిణాది యాసను సాగదీసి, సాగదీసి పాడాడు. నాకు ఎప్పుడు విన్నా ఒళ్లు మండుతుంది. కౌబాయ్ జంకీస్, అంకుల్ టుపెలో పాడినప్పుడు మాత్రం ఈ అనుమానం ఒక్కసారి కూడా రాలేదు. తేడా ఎక్కడ ఉంది? గొంతులోనా, వాయిద్యాల్లోనా, మన చెవుల్లోనా? ఇక్కడ ఈ పాటలు బాగా విన్నవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

స్టీల్‌గిటార్
ఆ పాట చరిత్ర కొంచెం చెప్పాలి. దాన్ని బర్డ్స్ కోసం ముందు పాడింది మెగ్విన్ కాదు, అప్పట్లో అదే బ్యాండులో ఉన్న గ్రామ్ పార్సన్స్. పార్సన్స్‌కు అంతకు ముందే లీ హేజిల్‌వుడ్ కంపెనీతో ఒప్పందం ఉంది. దాని మీద పేచీ వచ్చేసరికి కొన్ని పాటల్లో అతని గొంతు తీసేసి మెగ్విన్‌తో మళ్లీ పాడించారు. పార్సన్స్ పాడినవి 1990లో వచ్చిన బాక్స్ సెట్‌తో బయటపడ్డాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి. పాట అదే, ఆల్బమ్ అదే, గొంతు ఒక్కటే వేరు. పార్సన్స్ జార్జియాలో పెరిగినవాడు, మెగ్విన్ షికాగో మనిషి.

పాతకేసెట్టు
అంటే నా మాటే నిలబడింది కదండీ. మిగతాదంతా ఒకటే అయినప్పుడు గొంతే తేల్చేసింది.

నిద్రలేనిరేడియో
అంత తొందరగా తేల్చకండి. 1968 మార్చిలో ఇదే బర్డ్స్ నాష్‌విల్‌లో కంట్రీ సంగీతానికి గుడిలాంటి గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక ఎక్కారు. కంట్రీ గాయకుడు మెర్ల్ హాగర్డ్ పాటలు పాడతారని అనుకున్నారు అందరూ. పార్సన్స్ ఉన్నట్టుండి మా నాయనమ్మ కోసం అంటూ తన సొంత పాట ‘హికరీ విండ్’ ఎత్తుకున్నాడు. ఆ పాటలో వెటకారం చుక్క కూడా లేదు. చిన్నప్పటి చెట్లను తలచుకుని కుమిలిపోయే పాట. అయినా అక్కడ వాళ్లకు దక్కింది ఎకసెక్కాలే. నిర్వాహకులు మండిపడ్డారు. జుట్టు పెంచుకున్న కుర్రాళ్లు తమను ఆటపట్టించడానికి వచ్చారనే ఆ జనం అనుకున్నారు.

కాబట్టి పాడేవాడి మనసులో ఉన్నది వినేవాడికి చేరాలంటే గొంతు ఒక్కటే చాలదు. వేదిక, వేషం, అంతకు ముందు ఆ మనుషుల మధ్య ఉన్న కోపతాపాలు, అన్నీ అడ్డం వస్తాయి.

ఆస్టిన్‌వాసి
జుట్టు కత్తిరించుకుని వెళ్లి ఉంటే చరిత్ర మారిపోయేదేమో!

వెన్నెలబండి
కొంచెం కత్తిరించుకునే వెళ్లారని ఎక్కడో చదివాను. నాష్‌విల్ వాళ్లకు అది సరిపోలేదు.

ఆస్టిన్‌వాసి
సరే, అసలు విషయానికి వస్తాను. మా ఊరి బ్యాండు గోర్డ్స్ గురించి ఎవరూ ఎత్తలేదు. ర్యాప్ గాయకుడు స్నూప్ డాగ్ ‘జిన్ అండ్ జూస్’ను మాండొలిన్‌తో, పల్లె గొంతుతో పాడారు. నెట్‌లో పాటల ఫైళ్లు పంచుకునే నాప్‌స్టర్ రోజుల్లో అది ఫిష్ బ్యాండు పాడిందని తప్పుడు పేరుతో ప్రపంచమంతా తిరిగింది. పాపం, పాడినవాళ్లకు పేరు కూడా రాలేదు. ఇక్కడ ఆస్టిన్‌లో వాళ్ల కచేరీలకు వెళ్లేవాడిని. ఆ పాట మొదలవగానే జనం ఊగిపోయేవారు. వాళ్ల సొంత పాటలు వినడానికి మాత్రం అందులో సగం మంది కూడా నిలబడేవారు కాదు. నాకు అది బాధగా ఉండేది, ఎందుకంటే ఆ సొంత పాటలు చాలా బాగుంటాయి.

దాన్ని వెటకారం అనాలా? గాయకుడు కెవిన్ రసెల్ ప్రాణం పెట్టి పాడతాడు. లయ ఎక్కడా తప్పడు, ఒక్క మాటనూ నమిలి మింగడు. నవ్వు వస్తున్నది మనకు, అతను నవ్వడం లేదు.

సీతమ్మపేట
మనకు నవ్వు ఎందుకు వస్తోందో కూడా చెప్పండి మరి. నల్లజాతి కుర్రాడు లాంగ్‌బీచ్ పార్టీ గురించి చెప్పిన మాటలు తెల్ల పల్లెటూరి నోట వినిపించడమే అక్కడ తమాషా. ఆ తమాషా ఇద్దరినీ కించపరుస్తుంది. ర్యాప్ అంటే బూతు అనీ, పల్లె అంటే మొద్దు అనీ రెండు దురభిప్రాయాలు కలిస్తేనే ఆ నవ్వు పుడుతుంది. గాయకుడు ఎంత ప్రాణం పెట్టినా ఈ మాట పక్కన పెట్టలేం.

ఆస్టిన్‌వాసి
@సీతమ్మపేట మీరు చెప్పినది కొంతవరకు ఒప్పుకుంటాను. నవ్విన వాళ్లందరూ అందుకే నవ్వారని మాత్రం అనలేను. కొందరికి ఆ పాట శనివారం రాత్రి పాటగా, ఏ ఊరి కుర్రాడికైనా సరిపోయే పాటగా తగిలింది. నాకు అలాగే తగిలింది.

సీతమ్మపేట
మీకు తగిలిన తీరును కాదనను. నాప్‌స్టర్‌లో ఆ ఫైలు అన్ని చేతులు మారడానికి కారణం అదేనా అన్నది నా ప్రశ్న.

మిట్టమధ్యాహ్నం
నా దృష్టిలో ఈ చర్చకు అసలైన పాట ‘డెడ్ ఫ్లవర్స్’. రోలింగ్ స్టోన్స్ 1971లో ‘స్టికీ ఫింగర్స్’లో పెట్టారు. ఆ రోజుల్లో గ్రామ్ పార్సన్స్ వాళ్ల గిటారిస్టు కీత్ రిచర్డ్స్ చుట్టూ తిరుగుతుండేవాడు. కీత్‌కు కంట్రీ అంటే ప్రాణం. గాయకుడు మిక్ జాగర్ సంగతి వేరు. తాను బ్లూస్ గాయకుడిననీ, కంట్రీని పూర్తిగా గంభీరంగా తీసుకోలేననీ అతనే ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. బ్యాండు చక్కగా, నిజాయితీగా వాయిస్తుంది, గొంతులో మాత్రం పెదవి విరుపు ఉంటుంది. పాట వింటే అది ఇట్టే తెలుస్తుంది.

ఇప్పుడు అదే పాట టెక్సాస్ గాయకుడు టౌన్స్ వాన్ జాండ్ట్ పాడితే వినండి. ‘ద బిగ్ లెబౌస్కీ’ సినిమా చివర్లో వస్తుంది, 1998లో. గిటారు మోత, ఒక అరిగిపోయిన గొంతు. జాగర్ నోట్లో సూది, చెంచా గురించిన మాట కొంటెతనం. టౌన్స్ జీవితంలో హెరాయిన్, తాగుడు నిజంగా ఉన్నాయి. అదే మాట అతని నోట వచ్చేసరికి నేను కదలకుండా కూర్చుండిపోయాను. నీ సమాధి మీద గులాబీలు పెట్టడం మరిచిపోను అనే చివరి మాట జాగర్ పాడితే ప్రేయసికి ఇచ్చిన చురక. టౌన్స్ పాడితే ఆ సమాధి ఎవరిదో అన్న అనుమానం వస్తుంది. అతను 1997 జనవరి 1న పోయాడు. కంట్రీకి పెద్ద దిక్కు హాంక్ విలియమ్స్ పోయిందీ జనవరి 1నే, 1953లో.

ఒక్క అక్షరం మార్చలేదు. వెక్కిరింతగా పుట్టిన పాట వాంగ్మూలంగా మారింది. ఇంకొకరి పాటను తిరిగి పాడే కవర్ పాట ఇంతకంటే ఏం చేయగలదు?

వెన్నెలబండి
చదువుతుంటేనే ఒళ్లు జలదరించింది. ఇప్పుడే వెతుక్కుని విన్నాను. మిట్టమధ్యాహ్నం గారూ, మీకు రుణపడి ఉంటాను.

నిద్రలేనిరేడియో
ఒక చిన్న అభ్యంతరం. టౌన్స్ జీవితం మనకు తెలుసు కాబట్టి అలా వినిపిస్తోంది. అతని కథ తెలియని వాడికి అదే పాట వినిపించి చూడండి. నెమ్మదిగా పాడిన మంచి పాట అంటాడు, అంతే. పాడేవాడు ఎంత కష్టపడ్డాడో చూసి చిత్తశుద్ధికి మార్కులు వేయడం నాకు నచ్చదు. సుఖంగా బతికినవాడు నిజాయితీగా పాడలేడా?

మిట్టమధ్యాహ్నం
పాడగలడు. టౌన్స్ కూడా ఫోర్ట్‌వర్త్‌లో కలిగిన కుటుంబంలో పుట్టినవాడే. పేదరికం గురించి నేను మాట్లాడలేదు. పాటలోని మాటకు తాను పూచీ పడుతున్నాడా లేదా అన్నదే నా కొలత. జాగర్ పడలేదు, అది అతని ఇష్టం. టౌన్స్ పడ్డాడు.

తాటాకుపందిరి
పూచీ పడటం అంటే నాకు గుర్తొచ్చేది కంట్రీ గాయకుడు జానీ క్యాష్ పాడిన ‘హర్ట్’.

పాతకేసెట్టు
ఎప్పుడు వస్తుందా అని చూస్తున్నాను!

తాటాకుపందిరి
రాకుండా ఎలా ఉంటుంది? నైన్ ఇంచ్ నెయిల్స్ 1994లో ‘ద డౌన్‌వర్డ్ స్పైరల్’ చివర పెట్టిన పాట. రాసేటప్పుడు ఆ బ్యాండు గాయకుడు ట్రెంట్ రెజ్నర్‌కు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. క్యాష్ 2002లో నిర్మాత రిక్ రూబిన్‌తో పాడినప్పుడు డెబ్బై. అసలు పాటలో కిరీటం గురించి ఒక బూతు మాట ఉంది. క్యాష్ దాన్ని ముళ్ల కిరీటం చేశాడు. ఒక్క మాట మార్చేసరికి తన మీద తనకే అసహ్యం వేసిన కుర్రాడి పాటలోకి క్రీస్తు నడిచి వచ్చాడు.

మార్క్ రొమానెక్ తీసిన వీడియో హెండర్సన్‌విల్‌లో క్యాష్ సామాను దాచిన మ్యూజియంలో తీశారు. అప్పటికే అది మూతపడి, పాడుబడి ఉంది. మెట్ల మీద నిలబడి భర్తను చూస్తున్న జూన్ కార్టర్ ముఖం చూశారా? 2003 మేలో ఆమె పోయింది, సెప్టెంబరులో ఆయన పోయారు. ఆ పాట ఇక తనది కాదన్నట్టు రెజ్నరే చెప్పాడు.

సీతమ్మపేట
వీడియో గొప్పది, కాదనను. క్యాష్‌తో కొత్తతరం రాక్ పాటలు వరసగా పాడించడంలో రూబిన్ లెక్క కూడా కొంత ఉందని నా అభిప్రాయం. సౌండ్‌గార్డెన్ ‘రస్టీ కేజ్’, డెపెష్ మోడ్ ‘పర్సనల్ జీసస్’. పెద్దాయన ఈ పాట కూడా పాడాడా అని కుర్రవాళ్లు ఆశ్చర్యపోవడమే అమ్మకానికి పనికొచ్చింది. కొన్ని పాటల్లో ఆ ఆశ్చర్యం తప్ప నాకు ఏమీ మిగల్లేదు.

తాటాకుపందిరి
‘రస్టీ కేజ్’ను ఆ లెక్కలో వేయకండి. గొలుసులు తెంపుకుని పారిపోయే మనిషి పాట అది. జైళ్లలో కచేరీలు చేసినవాడు పాడితే ఎంత సహజంగా ఒదిగింది! వెనక వాయించింది టామ్ పెటీ, హార్ట్‌బ్రేకర్స్. 1996లో ఆ ‘అన్‌చెయిన్డ్’ ఆల్బమ్‌ను కంట్రీ రేడియో పట్టించుకోలేదు. అది ఉత్తమ కంట్రీ ఆల్బమ్‌గా గ్రామీ గెలిచింది. అప్పుడు బిల్‌బోర్డ్ పత్రికలో పూర్తి పేజీ ప్రకటన వేశారు. నాష్‌విల్ పెద్దలకూ, కంట్రీ రేడియోకూ మీ అండదండలకు ధన్యవాదాలు అని రాసి, క్యాష్ మధ్యవేలు చూపిస్తున్న పాత ఫోటో పెట్టారు.

పాతకేసెట్టు
వెటకారం పడాల్సిన చోట పడింది. పాట మీద కాకుండా రేడియో మీద.

కొండపల్లిబొమ్మ
ఇందాకటి నుంచి చదువుతున్నాను. యాస గురించి నాకు చెప్పాల్సింది ఉంది, ఎందుకంటే ఈ సమస్య నాది కూడా. మాది విజయవాడ. ఒక హోటల్లో వారాంతాల్లో పాడతాను. ఎక్కువగా సినిమా పాటలే, చివర్లో ఒకటో రెండో ఇంగ్లీషు పాటలు. హాంక్ విలియమ్స్ ‘ఐయామ్ సో లోన్‌సమ్ ఐ కుడ్ క్రై’ నాకు చాలా ఇష్టం. మొదట్లో రికార్డులో ఉన్నట్టే అలబామా యాసతో పాడేదాన్ని. ముందు వరస బల్లల దగ్గర నవ్వులు వినిపించేవి. వాళ్లకు అది ఎవరినో అనుకరించే మిమిక్రీలా ఉండేది. నేనేమో లోపల ఏడుస్తూ పాడేదాన్ని.

మా కీబోర్డు ఆయన ఒక మాట చెప్పాడు. అమ్మా, నువ్వు మామూలుగా ఇంగ్లీషు ఎలా మాట్లాడతావో అలాగే పాడు, శ్రుతి మాత్రం ఒక మెట్టు దించు అన్నాడు. అలాగే పాడాను. గొంతు విరుపులన్నీ తీసేశాను. నవ్వులు ఆగిపోయాయి. రాత్రి రైలు కూత గురించిన చరణం దగ్గర ఒక పెద్దాయన గ్లాసు కింద పెట్టి నా వైపు తిరిగాడు. పాతకేసెట్టు గారు అడిగిన తేడా నాకు అక్కడ తెలిసింది. అరువు యాసలో ఎంత ప్రేమ ఉన్నా వినేవాడికి ముందు యాసే వినిపిస్తుంది.

స్టీల్‌గిటార్
ఈ చర్చ మొత్తంలో ఇదే అసలైన మాట. కొండపల్లిబొమ్మ గారూ, కౌబాయ్ జంకీస్ అదే పాటను ‘ద ట్రినిటీ సెషన్’లో పాడారు, విన్నారా? కెనడా వాళ్లు. మార్గో టిమ్మిన్స్ అలబామా యాస దరిదాపులకు కూడా వెళ్లదు. దాదాపు గుసగుసగా పాడుతుంది.

కొండపల్లిబొమ్మ
వినకుండా ఉంటానా! శ్రుతి దించమని ఆయన చెప్పగానే నాకు గుర్తొచ్చింది ఆమే.

స్టీల్‌గిటార్
ఆ రికార్డు తయారైన తీరు కూడా ఈ విషయానికి పనికొస్తుంది. 1987 నవంబరు 27, టొరంటోలో హోలీ ట్రినిటీ చర్చి. ఒకే ఒక్క మైకు పెట్టి చుట్టూ కూర్చున్నారు. మైకుకు ఎవరు ఎంత దూరంలో కూర్చోవాలో సర్దుకోవడానికే చాలాసేపు పట్టింది. మార్గో గొంతు ఒక స్పీకరు గుండా వచ్చి ఆ మైకులో పడింది. చర్చి వాళ్లతో మాత్రం తాము టిమ్మిన్స్ కుటుంబ గాయకులమనీ, క్రిస్మస్ కార్యక్రమం రికార్డు చేసుకుంటున్నామనీ చెప్పారట.

అదే ఆల్బమ్‌లో వెల్వెట్ అండర్‌గ్రౌండ్ ‘స్వీట్ జేన్’ ఉంది. వెల్వెట్ ఆల్బమ్ ‘లోడెడ్’లో వచ్చినప్పుడు ఆ పాటలోంచి ఒక భాగం కత్తిరించారు. 1969 కచేరీ రికార్డింగులో ఆ భాగం ఉంది, పాట కూడా నెమ్మదిగా నడుస్తుంది. జంకీస్ దాన్ని పట్టుకున్నారు. పాట రాసిన లూ రీడ్ స్వయంగా మెచ్చుకున్నాడు. న్యూయార్క్ రాక్ పాట, హాంక్ పాట ఒకే చర్చిలో, ఒకే మైకు ముందు, ఒకే గొంతులో వచ్చాయి. ఏది ఎవరిదో చెప్పకపోతే వినేవాడికి తెలియదు.

మిట్టమధ్యాహ్నం
తమ్ముళ్లు వాయించడం, అక్క పాడటం అని రాయబోయాను. గిటారు వాయించే మైకేల్ అన్నయ్య కదా.

స్టీల్‌గిటార్
అవును, మైకేల్ అన్న, పీటర్ తమ్ముడు. బేసు వాయించే ఆలన్ ఆంటన్ కుటుంబం వాడు కాదు.

పల్లకిమోత
ఎవరూ అడగని ప్రశ్న ఒకటి. దేవుడిని నమ్మనివాడు భక్తి పాట పాడితే అది చిత్తశుద్ధా, నటనా? అంకుల్ టుపెలో ఇల్లినాయ్‌లోని బెల్విల్ కుర్రాళ్లు. పంక్ వింటూ పెరిగారు. 1990లో వాళ్ల మొదటి ఆల్బమ్‌కు పెట్టిన పేరు, అందులోని పాట, కార్టర్ ఫ్యామిలీ 1936లో పాడిన ‘నో డిప్రెషన్’. ఆర్థిక మాంద్యంలో నలిగినవాళ్లు స్వర్గంలోనైనా ఈ కరువు ఉండదని పాడుకున్న పాట. ఆ పేరుతోనే తర్వాత 1995లో పత్రిక వచ్చింది, రాక్, పంక్ కలిపి కంట్రీ పాడే ఆల్ట్ కంట్రీ వాళ్లందరికీ అదే ఇల్లయింది.

1992లో ఇంకా ముందుకు వెళ్లారు. ఆర్.ఈ.ఎం. గిటారిస్టు పీటర్ బక్ నిర్మాతగా, జార్జియాలోని ఏథెన్స్‌లో, మార్చి 16 నుంచి 20 వరకు రికార్డు చేసి ఆ తేదీలనే పేరుగా పెట్టారు. అందులో లూవిన్ బ్రదర్స్ అణుబాంబు పాట ఉంది. నిప్పుల వాన కురిసే రోజున రక్షకుడి దగ్గర తలదాచుకోవడానికి సిద్ధమేనా అని అడిగే పాట. 1952 నాటి ఆ పాటను పాడి నవ్వించడం ఎంత సులభమో ఆలోచించండి. నిర్వాణా ఆల్బమ్ ‘నెవర్‌మైండ్’ అప్పుడే అమెరికాను ఊపేస్తోంది, ప్రతి కుర్రాడి ముఖంలో ఒక చిరాకు, ఒక వంకర నవ్వు. వీళ్లు మాత్రం బాంజో, మాండొలిన్ పట్టుకుని కనురెప్ప వేయకుండా పాడారు.

వెన్నెలబండి
నమ్మనివాడు నమ్మకం గురించి పాడటం అబద్ధమే కదా మరి?

పల్లకిమోత
నా ఉద్దేశంలో కాదు. దేవుడిని నమ్మకపోవచ్చు, ఆ పాట పాడుకున్న మనుషుల భయాన్ని నమ్మారు. బెల్విల్ చుట్టుపక్కల మూతపడిన పనులు, తాగుడు, ఊరు వదలలేని బతుకులు. వాళ్ల గాయకుడు జే ఫరార్ సొంత పాటల్లో అదే ఉంటుంది. పాత పాటల్లో అతనికి తన ఊరే కనబడింది.

నిద్రలేనిరేడియో
లూవిన్ బ్రదర్స్ సంగతి కూడా చెప్పుకోవాలి. ‘ద క్రిస్టియన్ లైఫ్’ పాడిన ఐరా లూవిన్ విపరీతంగా తాగేవాడు, కోపం వస్తే వేదిక మీదే మాండొలిన్ పగలగొట్టేవాడు. దైవమార్గంలో నాకు సుఖంగా ఉంది అని అతను పాడినప్పుడు అది అనుభవమా, ఆశా? మూలంలోనే ఇంత పెనుగులాట ఉన్నప్పుడు, కవర్ పాడినవాడి నమ్మకాన్ని మనం కొలబద్ద పెట్టి కొలవడం ఎంతవరకు న్యాయం?

పాతకేసెట్టు
న్యాయమే అంటాను. ఐరా తాను చేరలేని చోటు గురించి పాడాడు, అందుకే ఆ గొంతు అంత పైకి లేస్తుంది. మెగ్విన్‌కు ఆ చోటుతో పనే లేదు. ఆ తేడా వినబడుతుంది, ఎన్నిసార్లు విన్నా వినబడుతుంది.

మరమరాలు
నిర్వాణా గాయకుడు కర్ట్ కొబేన్ పేరు ఇంకా రాలేదేమిటి! 1993 నవంబరులో ఎంటీవీ అన్‌ప్లగ్డ్. వాసెలీన్స్ అనే స్కాట్లాండ్ బ్యాండు పాట ఒకటి పాడాడు. ఆదివారం బడిలో పిల్లలకు నేర్పే పాట ఒకటి ఉంది, యేసుకు నేను ఒక సూర్యకిరణంగా ఉండాలి అని. దాన్ని తలకిందులు చేసి, యేసుకు నేను అక్కర్లేదు అని రాశారు వాసెలీన్స్. శుద్ధ కొంటెతనం. కొబేన్ పాడేటప్పుడు బ్యాండులో బేసు వాయించే క్రిస్ట్ నొవొసెలిచ్ దాన్ని పక్కన పెట్టి అకార్డియన్ అందుకున్నాడు. నేను ఏడుస్తానని అనుకోకు, నీకోసం చస్తానని అనుకోకు అన్నట్టు సాగే ఆ పాట అతని గొంతులో వింటే తమాషా ఎక్కడా మిగలదు. భక్తి పాట, దాని మీద వెక్కిరింత, ఆ వెక్కిరింత లోంచి మళ్లీ ఒక ప్రార్థన. మూడు అంచెలు.

తాటాకుపందిరి
అదే కచేరీ చివర్లో జానపద గాయకుడు లెడ్‌బెల్లీ పాడే పాత పాట పాడి, ఆఖరి చరణంలో ఊపిరి తీసుకోవడానికి ఆగి కళ్లు తెరుస్తాడు. ఆ ఒక్క క్షణం చాలు నాకు.

మరమరాలు
నిర్వాణా పాటను కంట్రీ వాడు తిరిగి పాడిన సందర్భం కూడా ఉంది. స్టర్జిల్ సింప్సన్, 2016, ‘ఇన్ బ్లూమ్’. పసిబిడ్డ కొడుకుకు ఉత్తరంగా రాసిన ఆల్బమ్‌లో పెట్టాడు. అసలు పాట అర్థం తెలియకుండా వెంట పాడే అభిమాని మీద ఎత్తిపొడుపు. వాడికి దాని అర్థం తెలియదు అని మాట తెగిపోతుంది. సింప్సన్ దానికి ‘ఒకరిని ప్రేమించడం’ అన్న మాట తగిలించాడు. ఒకరిని ప్రేమించడం అంటే ఏమిటో వాడికి తెలియదు అని అయింది. ఎత్తిపొడుపు కాస్తా తండ్రి దిగులయింది. ఇత్తడి వాయిద్యాలు, పెడల్ స్టీల్ కలిసి లేచే చోట నాకు గొంతు పూడుకుపోతుంది.

సీతమ్మపేట
అది అతి మెత్తన అయిపోయిందని నాకు అనిపిస్తుంది. కొబేన్ పాటలోని కసి అంతా ఎటు పోయింది? ఎత్తిపొడుపుకు కూడా ఒక నిజాయితీ ఉంది. రాసినవాడు కోపంతో రాశాడు, ఆ కోపం నిజం. దాన్ని లాలిపాట చేయడం కూడా ఒక రకంగా మూలాన్ని వినకపోవడమే. వెటకారం ఎప్పుడూ తక్కువ, కన్నీళ్లు ఎప్పుడూ ఎక్కువ అనే లెక్క ఇక్కడ అందరూ పెట్టుకున్నట్టున్నారు. పేరడీ పేరే తన పేరుకు ముందు చేరిన జరుక్‌శాస్త్రికి తాను అనుకరించిన కవుల మీద ప్రేమ లేదంటారా?

పల్లకిమోత
జరుక్‌శాస్త్రికి ప్రేమ ఉంది, ఆ కవుల ప్రతి గతీ తెలుసు కూడా. సరిగ్గా అందుకే ఆ పేరడీలు నిలిచాయి. మనం ఏవగించుకుంటున్నది తెలుసుకోకుండా చేసే వెక్కిరింతను.

మిట్టమధ్యాహ్నం
సీతమ్మపేట గారి మాటకు ఇంకో ఉదాహరణ ఇస్తాను. రీప్లేస్‌మెంట్స్ 1984లో ‘లెట్ ఇట్ బీ’ ఆల్బమ్‌లో కిస్ బ్యాండు ‘బ్లాక్ డైమండ్’ పాడారు. ఆ రోజుల్లో పంక్ కుర్రాడు కిస్ పాట పాడాడంటే వెక్కిరించడానికే అనుకుంటారు. ఆల్బమ్ పేరే బీటిల్స్ దగ్గర ఎత్తుకొచ్చిన కొంటెతనం. పాట మాత్రం సూటిగా, గట్టిగా వాయించేశారు. చిన్నప్పుడు ఇష్టపడ్డ పాటను స్నేహితుల ముందు ఇష్టమని చెప్పడానికి సిగ్గు. తమాషాకు పాడుతున్నాం అంటే ఎవరూ ఏమీ అనరు. చాలా కవర్ పాటల్లో వెటకారం పని ఇదే, ప్రేమకు చాటు.

వెన్నెలబండి
ఇది మా కాలేజీలో కళ్లారా చూశాను. వార్షికోత్సవంలో రాక్ బ్యాండు కుర్రాళ్లు పాత సినిమా విషాద గీతం ఒకటి తమాషాకు మొదలుపెట్టారు. రెండో చరణానికి వచ్చేసరికి అందరూ గంభీరంగా పాడేస్తున్నారు. డ్రమ్ములు వాయించేవాడు కళ్లు మూసుకున్నాడు.

ఆస్టిన్‌వాసి
ఇంగ్లండ్ రాక్ గాయకుడు ఎల్విస్ కాస్టెల్లో ఈ చాటు కూడా వద్దనుకున్నాడు. 1981లో నాష్‌విల్ వెళ్లి బిల్లీ షెరిల్ నిర్మాతగా ‘ఆల్మోస్ట్ బ్లూ’ చేశాడు. అన్నీ కంట్రీ కవర్లే. కవరు మీద ఒక హెచ్చరిక అంటించారు. ఇందులో కంట్రీ సంగీతం ఉంది, సంకుచిత మనస్కులకు నొప్పి కలగవచ్చు అని. అంటే అక్కడ హాస్యం ఉన్నది అట్ట మీద. లోపల జార్జ్ జోన్స్ పాడిన ‘గుడ్ ఇయర్ ఫర్ ద రోజెస్’ ఎంత పద్ధతిగా పాడాడో! బ్రిటన్‌లో 6వ స్థానం దాకా వెళ్లింది. అంతకు రెండేళ్ల ముందే జోన్స్‌తో కలిసి తన సొంత పాట పాడి ఉన్నాడు, కాబట్టి సరదాకు వచ్చిన అతిథి కాదు.

నిద్రలేనిరేడియో
పద్ధతిగా పాడాడు, అదే నా ఇబ్బంది. జోన్స్ రికార్డు ఉండగా ఇది ఎందుకు వినాలి? చిత్తశుద్ధి ఉంటే సరిపోదు, కొత్త మాట ఏదైనా చెప్పాలి. గౌరవంతో పాడి నిద్రపుచ్చిన కవర్లు కోకొల్లలు.

కొండపల్లిబొమ్మ
ఒక్కోసారి కొత్తగా ఏమీ చేయకపోవడమే కొత్త మాట. ట్రేసీ చాప్‌మన్ 1988లో పాడిన ‘ఫాస్ట్ కార్’ను 2023లో ల్యూక్ కాంబ్స్ దాదాపు ఉన్నది ఉన్నట్టు పాడాడు. దుకాణంలో చెకౌట్ దగ్గర పనిచేసే అమ్మాయిని అనే మాటను కూడా మార్చలేదు. గడ్డం పెంచిన కంట్రీ గాయకుడు అమ్మాయిగానే ఆ కథ చెప్పాడు. ఆ పాటతో చాప్‌మన్‌కు కంట్రీ సంగీత సంఘం (సీఎమ్ఏ) ఉత్తమ గీతం బహుమతి వచ్చింది. నల్లజాతి రచయితకు ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. 2024 ఫిబ్రవరిలో గ్రామీ వేదిక మీద ఇద్దరూ కలిసి పాడినప్పుడు ఆమె వైపు అతను చూసిన చూపు చూడండి. మైకు ఎదురుగా ఉన్నా ఆమె మాటలు తనలో తాను అనుకుంటున్నాడు.

సీతమ్మపేట
ఇది మాత్రం నేనూ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ‘జిన్ అండ్ జూస్’ పక్కన దీన్ని పెట్టి చూడండి. నల్లజాతి రచయిత మాట, తెల్ల గాయకుడి నోరు, రెండు చోట్లా అదే. ఒక చోట ఆ దూరమే తమాషా, ఇంకో చోట ఆ దూరం గుర్తుకే రాదు.

ఆస్టిన్‌వాసి
@సీతమ్మపేట మీరు గోర్డ్స్‌ను వదిలేలా లేరు! వాళ్ల సొంత పాటలు నాలుగు పంపిస్తాను, విని అప్పుడు తిట్టండి.

సీతమ్మపేట
పంపండి, తప్పకుండా వింటాను. కవర్ మీద నా అభిప్రాయం మాత్రం అలాగే ఉంటుంది.

మరమరాలు
రాక్ గాయకుడు ర్యాన్ ఆడమ్స్ 2015లో టేలర్ స్విఫ్ట్ ‘1989’ ఆల్బమ్ మొత్తం పాడటం గురించి ఏమంటారు? అప్పట్లో కొందరు విమర్శకులు, ఇప్పుడు ఈ పాటలకు బరువు వచ్చింది అన్నారు. ఆమె పాడినప్పుడు లేని బరువు గడ్డం, గిటారు ఉన్న మగవాడు పాడితే వచ్చిందా? నాకు ఆ మాటే నచ్చలేదు. ఫాదర్ జాన్ మిస్టీ అనే ఇంకో గాయకుడు వెంటనే అందులో రెండు పాటలను వెల్వెట్ అండర్‌గ్రౌండ్ బాణీలో పాడి వదిలాడు, తర్వాత తీసేశాడు.

పల్లకిమోత
నచ్చకపోవడం సబబే. పాప్ పాటను నెమ్మదిగా పాడితే చాలు, లోతు వచ్చేసిందని అనేస్తున్నారు. అకూస్టిక్ గిటారు, విషాద గొంతు ఇప్పుడు ప్రకటనల్లో కూడా అమ్ముడుపోతున్నాయి. ఒకప్పుడు ‘యీహా’ కేక ఎంత అబద్ధమో, ఇవాళ ఆ నిట్టూర్పు కూడా అంతే అబద్ధం కావచ్చు.

మిట్టమధ్యాహ్నం
అందుకే మెకాన్స్ నాకు ఇష్టం. లీడ్స్ నుంచి వచ్చిన పంక్ బ్యాండు. బ్రిటన్‌లో గని కార్మికుల సమ్మె ఓడిపోయిన 1985లో ‘ఫియర్ అండ్ విస్కీ’ తెచ్చారు. చివర్లో ‘లాస్ట్ హైవే’. చూపు లేని లియన్ పేన్ రాసిన పాట, హాంక్ గొంతులో ప్రపంచానికి తెలిసింది. మెకాన్స్ దాన్ని నెమ్మదించలేదు, అందంగా కూడా పాడలేదు. ఫిడిల్ అపశ్రుతి, గొంతు బొంగురు, తాగి ఇంటికి పోయే గుంపులా ఉంటుంది. ఎక్కడ తమాషా ఆగి ఎక్కడ బాధ మొదలైందో గీత గీయలేరు. రెండూ ఒకే గొంతులో ఉన్నాయి.

పాతకేసెట్టు
రాత్రంతా ఇవే విన్నాను. టౌన్స్, మార్గో, మెకాన్స్. పార్సన్స్ పాడిన ‘ద క్రిస్టియన్ లైఫ్’ కూడా దొరికింది. మెగ్విన్ మీద నా కోపం తగ్గలేదు, ఇంకొంచెం పెరిగింది. మెకాన్స్‌లో మాత్రం ఆ అపశ్రుతి కావాలని చేసిందా, వాళ్లకు వచ్చిందే అంతా?

స్టీల్‌గిటార్
వచ్చినంత వాయించారు, దాచుకోలేదు. మీరు వెంటనే వాళ్ల ‘రాక్ ఎన్ రోల్’ ఆల్బమ్‌కు దూకకండి. ముందు ‘ఫియర్ అండ్ విస్కీ’ మొదటి పాట నుంచి వరసగా వినండి. ‘లాస్ట్ హైవే’ చివర్లో ఎందుకు పెట్టారో అప్పుడు తెలుస్తుంది.